జెరూసలెం నుంచి తెచ్చిన పాత నాణెం: గుర్తించడం, చదవడం, కాపాడుకోవడం ఎలా

యాత్ర ముగించుకుని వచ్చినవారి నుంచి నాకు తరచుగా ఒకే తరహా ఫోటో వస్తుంది. అరచేతిలో నల్లటి చిన్న బిళ్ళ, దాని కింద రెండు ప్రశ్నలు: ‘ఇది అసలుదేనా? ఎంత పలుకుతుంది?’ ఫోటో చూసి ఆ రెండింటికీ జవాబు చెప్పేవారిని నమ్మవద్దు. జవాబు మీ ఇంట్లో, మీ బల్ల మీదే దొరుకుతుంది. అయితే దానికి ఒక వరుస ఉంది. తూకం ముందు, బొమ్మ తర్వాత, అక్షరాలు ఆపైన. విలువ మాట అన్నింటికన్నా చివర. వరుస తప్పితే మన కోరికే మన కళ్ళకు అడ్డుపడుతుంది. యేసును వెండి నాణేలకు అప్పగించిన యూదా కథ గుర్తుకొచ్చి ప్రతి వెండి బిళ్ళా ముప్పై వెండి నాణేల్లో ఒకటిగా కనిపిస్తుంది.

అమ్మాన్, జెరూసలెం, కైరో మీదుగా సాగే పవిత్ర భూమి యాత్రలకు మన రెండు రాష్ట్రాల నుంచీ ఏటా చాలామంది వెళ్తున్నారు. ఈ మార్గదర్శి వారిని, వారి ఇళ్ళలోని పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఏథెన్స్ నుంచి అలెగ్జాండ్రియా వరకు, క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం వరకు ఉన్న నాణేలకు ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ముందు ఆగండి: కడగవద్దు, తోమవద్దు

నాణేనికి రెండు వేల ఏళ్ళలో జరగని నష్టం, ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రమే జరిగిపోతుంది. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాను తోమే పొడి, పళ్ళపొడి, ఏదీ దాని దగ్గరకు రానివ్వకండి.

కారణం చెప్తాను. నేలలో శతాబ్దాలు గడిపిన కంచు నాణెం పైభాగం లోహంగా మిగలదు. అది కిలుముగా మారిపోతుంది. రాజు ముక్కు, నక్షత్రపు కిరణం, అక్షరపు గీత ఆ కిలుము పొరలోనే నిలిచి ఉంటాయి. పులుపు తగిలితే పొరతో పాటు బొమ్మ కూడా పోతుంది. మిగిలేది గుంటలు పడిన ఎర్రటి రాగి రేకు. దాన్ని మళ్ళీ ఎవరూ చదవలేరు.

వెండి నాణెం మీది బూడిద రంగు కూడా మురికి కాదు. అది తీసేస్తే నాణెం వయసు చెప్పే సాక్ష్యం ఒకటి తగ్గుతుంది.

బంగారు దుకాణానికి తీసుకెళ్తే తూకం వరకే అడగండి. గీటురాయి మీద గీయనివ్వకండి, ఆకురాయి తాకనివ్వకండి.

ఇప్పటికే కడిగేసి ఉంటే: స్వేదనజలంలో రెండు మూడుసార్లు ముంచి తీయండి. మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. గాలి తగిలేచోట ఒక రోజంతా ఆరనివ్వండి. మెరుపు కోసం నూనె పూయవద్దు.

2. బల్ల మీద ఉండాల్సినవి

☐ 0.01 గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం
☐ మిల్లీమీటర్లు చూపే కాలిపర్, ప్లాస్టిక్‌దైతే మంచిది (లోహపు దవడలు నాణెం అంచును గీస్తాయి)
☐ పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
☐ పక్క నుంచి వెలుగు వేయడానికి వంచగలిగే దీపం, లేదా ఫోను టార్చి
☐ కింద పరవడానికి మెత్తటి గుడ్డ
☐ చేతులకు రబ్బరు తొడుగులు. లేకపోతే కడిగి బాగా ఆరబెట్టుకున్న చేతులు
☐ నోటు పుస్తకం, పెన్సిలు

తూకం సరిగా పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి. మన పది రూపాయల నాణెం 7.7 గ్రాముల దగ్గర తూగాలి. అర గ్రాము తేడా చూపిస్తే ఆ తూకంతో పని మొదలుపెట్టవద్దు.

నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తండి. చెమట తగిలిన వేలిముద్ర కంచు మీద మచ్చగా మిగిలిపోతుంది.

3. మూడు అంకెలు రాసుకోండి

బొమ్మ చూడకముందే ఈ మూడూ రాయాలి.

మొదటిది తూకం. మూడుసార్లు తూచి, మూడు అంకెలూ రాయండి.

రెండోది వ్యాసం. ఈ నాణేలు గుండ్రంగా ఉండవు కాబట్టి వెడల్పైన చోట ఒకటి, ఇరుకైన చోట ఒకటి, రెండు కొలతలు తీసుకోండి.

మూడోది ముద్రల దిశ. కొత్తవారు వదిలేసేది దీన్నే. బొమ్మ వైపు తల నిటారుగా ఉండేలా పట్టుకోండి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు నాణేన్ని పక్కకు తిప్పండి. బొరుసు వైపు బొమ్మ తల గడియారంలో ఎన్ని గంటల వైపు ఉందో రాయండి. మన రూపాయి అయితే 12. తూరు షెకెళ్ళు (నేటి లెబనాన్ తీరంలోని తూరు పట్టణపు వెండి నాణేలు), ఈజిప్టును ఏలిన గ్రీకు రాజవంశం టోలెమీల నాణేలు, అలెగ్జాండ్రియాలో కొట్టిన రోమన్ కాలపు నాణేలు కూడా ఎక్కువగా 12 దగ్గరే ఉంటాయి. ఏథెన్స్ గుడ్లగూబ నాణేల్లో 9 దగ్గర ఉండడం మామూలు. ఇది ఒక్కటే అసలు నకిలీ తేల్చదు. కానీ తూరు షెకెలు అని చెప్పినది 5 గంటల దిశలో ఉంటే, దాన్ని మరింత అనుమానంతో చూడాలి.

తూకాలు పోల్చుకోవడానికి:

• ఏథెన్స్ నాలుగు ద్రాక్మాల (ద్రాక్మా అంటే గ్రీకుల వెండి నాణెం) నాణెం, అలెగ్జాండర్ పేరిట వచ్చిన నాలుగు ద్రాక్మాల నాణెం: సుమారు 17.2 గ్రా.
• అదే ప్రమాణంలో ఒక ద్రాక్మా: సుమారు 4.3 గ్రా.
• టోలెమీల నాలుగు ద్రాక్మాల వెండి నాణెం, తూరు షెకెలు: సుమారు 14.2 గ్రా.
• తూరు అర షెకెలు: సుమారు 7 గ్రా.
• యూదయ (జెరూసలెం ఉన్న సీమ) చిన్న కంచు కాసు ‘ప్రుతా’: ఎక్కువగా 1 నుంచి 2.5 గ్రా.
• 3వ శతాబ్దం చివరి అలెగ్జాండ్రియా నాణెం: 7 నుంచి 8 గ్రా.

అరిగిన నాణెం వీటికన్నా తగ్గుతుంది. తగ్గడానికి కారణం ఉంటుంది, పెరగడానికి ఉండదు. వెండి నాణెం ప్రమాణం కన్నా ఒక గ్రాము ఎక్కువ తూగితే నకిలీ అన్న అనుమానంతోనే ముందుకు వెళ్ళండి.

4. బొమ్మను బట్టి ఊరు పట్టుకోవడం

టార్చి వెలుగు పై నుంచి పడితే అరిగిన బొమ్మ కనిపించదు. వెలుగును నాణెం అంచుకు సమానంగా, పక్క నుంచి వేయండి. ఇప్పుడు నాణేన్ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఒక కోణంలో ఏమీ లేనిచోట ఇంకో కోణంలో రెక్క కనిపిస్తుంది. ప్రతి పావు చుట్టుకూ కనిపించినది గీసుకోండి. ఫోటో కన్నా గీసుకున్న బొమ్మే ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే గీసేటప్పుడు ఊహకు, చూపుకు మధ్య తేడా మన చేతికే తెలుస్తుంది.

లంగరు, నక్షత్రం. యాత్రికులు ఎక్కువగా తెచ్చేది ఇదే. యూదుల హస్మోనీయ వంశపు రాజు అలెగ్జాండర్ యన్నాయి, క్రీ.పూ. 104 నుంచి 76 వరకు పాలించినవాడు, కొట్టించిన కంచు నాణెం. ఒకవైపు లంగరు, చుట్టూ గ్రీకులో రాజు పేరు. మరోవైపు ఎనిమిది కిరణాల నక్షత్రం, కిరణాల మధ్య పాత హీబ్రూ అక్షరాలు. దుకాణాల్లో దీన్నే సువార్తలోని ‘బీద విధవరాలు వేసిన కాసు’ అని అమ్ముతారు. యేసు కాలానికి దీని వయసు వందేళ్ళు. ఈ చిన్న కంచు చాలాకాలం చెలామణిలో ఉంది కాబట్టి ఆ మాటలో అసాధ్యమేమీ లేదు. కానీ కానుక పెట్టెలో పడినది ఏ రకం కాసో సువార్త చెప్పలేదు. నమోదులో రాజు పేరే రాయండి.

ఉద్ధరిణి, వంకర కర్ర. యూదయను ఏలిన రోమన్ అధికారి పొంతి పిలాతు కాలపు ప్రుతా. ఒక రకం మీద నైవేద్యపు గరిటె ఉంటుంది. మన పూజలో వాడే ఉద్ధరిణి గుర్తుంటే వెంటనే పోలుస్తారు. దాని బొరుసున మూడు యవల కంకులు. రెండో రకం మీద కొసన వంకీ తిరిగిన కర్ర, బొరుసున ఆకుల దండ. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: పిలాతు పేరు కోసం వెతకడం. ఆ పేరు నాణెం మీద ఎక్కడా ఉండదు. ఉండేది రోమన్ చక్రవర్తి తిబెరి కైసరు పేరు.

ఛత్రం. అంచుకు కుచ్చులు వేలాడే గొడుగు ఒకవైపు, మూడు యవల కంకులు మరోవైపు ఉంటే యూదయ రాజు మొదటి హేరోదు అగ్రిప్ప నాణెం. కంకులు చూసి దీన్ని పిలాతు నాణెంగా పొరబడేవారు చాలామంది. కంకులు రెండింటిలోనూ ఉన్నాయి కాబట్టి తీర్పు అవతలి వైపే ఉంది. గరిటె అయితే పిలాతు కాలం, గొడుగు అయితే అగ్రిప్ప.

గద్ద. అసలు చిక్కు ఇక్కడే. తూర్పు మధ్యధరా తీరమంతా గద్దే. అది దేనిమీద నిలబడిందో చూడాలి.

• పిడుగు మీద నిలబడి, అవతలి వైపు కిరీటపు పట్టీ కట్టుకున్న రాజు తల ఉంటే: ఈజిప్టు టోలెమీలు. పెద్ద కంచు నాణేలైతే రెండు వైపులా నడిమధ్యన చిన్న గుంట ఉంటుంది. అది దెబ్బ కాదు, టంకశాలలో తయారుచేసేటప్పుడే పడినది.
• ఓడ ముందుభాగం మీద నిలబడి, ఎదురుగా గద ఉంటే: తూరు షెకెలు. అవతలి వైపు ఆకుల దండ ధరించిన మెల్కార్ట్ దేవుడి తల.
• అవతలి వైపు రోమన్ చక్రవర్తి ఉండి, చుట్టూ పొడవైన గ్రీకు అక్షరాల వరుస ఉంటే: అంతియొకయ, లేదా దాని చుట్టుపక్కల సిరియా టంకశాలలు.
• బిళ్ళ మందంగా, చిన్నదిగా ఉండి, గద్ద పక్కన ఇంగ్లిష్ ‘ఎల్’ ఆకారపు గుర్తు ఉంటే: అలెగ్జాండ్రియా.

సింహపు తోలు కప్పుకున్న తల. దీన్ని చూసి ‘అలెగ్జాండర్ ముఖం’ అంటారు. అది గ్రీకు వీరుడు హెరాక్లీజ్. బొరుసున సింహాసనం మీద గ్రీకు దేవుడు జ్యూస్, చేతిలో గద్ద, రెండో చేతిలో రాజదండం. ఈ నాణేలను అలెగ్జాండర్ చనిపోయాక కూడా రెండు వందల ఏళ్ళకు పైగా ఎన్నో ఊళ్ళలో కొట్టారు. పేరు కనిపించగానే ‘అలెగ్జాండర్ బతికుండగా కొట్టినది’ అని రాసేయకండి. జ్యూస్ కాళ్ళు పక్కపక్కనే ఉంటే ముందు కాలం, ఒక కాలు వెనక్కి మడిచి ఉంటే తర్వాతి కాలం అనే సూత్రం ఒకటి ఉంది. అది దారి చూపుతుంది, తీర్పు చెప్పదు. సింహాసనం కింద, జ్యూస్ ఎదుట ఉండే చిన్న గుర్తులు, ముడివేసిన అక్షరాలు టంకశాలను పట్టిస్తాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు గీయండి.

గుడ్లగూబ. ఏథెన్స్. బొమ్మ వైపున్న ఎథీనా దేవత కన్ను చూడండి. ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు బాదంపప్పు ఆకారంలో ఉంటే క్రీ.పూ. 5వ శతాబ్దం. కన్ను కూడా పక్క నుంచి చూసినట్టు సహజంగా ఉంటే 4వ శతాబ్దం. ఈ నాణెం మీద లోతైన ఉలిగాటు కనిపిస్తే కంగారు పడకండి. ఈజిప్టులోనూ లెవంటు (తూర్పు మధ్యధరా తీరం)లోనూ లోపల రాగి ఉందేమోనని నరికి చూసేవారు. అది నాణెం బతికిన బతుకులో భాగం, పూడ్చవద్దు.

5. అక్షరాలు చదవడం

గ్రీకు రాకపోయినా ఈ పని చేయవచ్చు. ముందు ఇంగ్లిష్ అలవాటు వదిలించుకోవాలి. ఇంగ్లిష్ ‘పి’లా కనిపించేది ‘ర’. ‘సి’లా కనిపించేది రోమన్ కాలపు ‘స’. ‘హెచ్’లా ఉన్నది దీర్ఘమైన ‘ఏ’. ‘ఎక్స్’లా ఉన్నది ‘ఖ’కు దగ్గరి ధ్వని. ఈ నాలుగూ గుర్తుంటే సగం పని అయినట్టే.

రెండో మెలకువ మనకు తేలిక. ఈ నాణేల మీద పేర్లు తరచుగా షష్ఠీ విభక్తిలో ఉంటాయి. ‘అలెగ్జాండ్రూ’ అంటే అలెగ్జాండర్ యొక్క. ‘బాసిలేఓస్’ అంటే రాజు యొక్క. ‘తిబెరియూ కైసరోస్’ అంటే తిబెరి కైసరు యొక్క. ‘నాణెం’ అనే మాట రాయరు, అది చేతిలోనే ఉంది కదా. మన శాతవాహనుల నాణేలదీ ఇదే పద్ధతి. ‘రఞో... సాతకణిస’ అన్నప్పుడు ఆ చివరి ‘స’ షష్ఠీ విభక్తే. ఒక చోట చదవడం వస్తే రెండో చోట కన్ను తానే అలవాటు పడుతుంది.

తూరు షెకెలు మీద ‘తూరూ హియెరాస్ కై అసూలూ’ అని ఉంటుంది. ‘పవిత్రమైన, శరణు ఇచ్చే తూరు యొక్క’ అని అర్థం.

చేసే క్రమం:

☐ ముందు ఏ చోట మొదలైందో తేల్చుకోండి. వరుస అంచు వెంట గుండ్రంగా ఉందా, నిలువుగా ఉందా చూడండి
☐ స్పష్టంగా కనిపించే అక్షరాలు మాత్రమే రాయండి
☐ పోయిన ప్రతి అక్షరానికి ఒక చుక్క పెట్టండి
☐ ఊహించి పూరించినది వేరే రంగు పెన్సిలుతో రాయండి

చివరిది తప్పనిసరి. ఊహించిన అక్షరం పది నిమిషాల్లో ‘చూసిన’ అక్షరంగా మారిపోతుంది. ఈ పొరపాటు నేను ఎన్నోసార్లు చేశాను. అందుకే రెండు పెన్సిళ్ళు.

6. సంవత్సరం లెక్క కట్టడం

ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. రెండు వేల ఏళ్ళ నాటి వస్తువు తన పుట్టిన సంవత్సరం తానే చెప్తుంది.

గ్రీకు అక్షరాలకు అంకె విలువలున్నాయి. ఆల్ఫా 1, బీటా 2, గామా 3, డెల్టా 4, ఎప్సిలాన్ 5, స్టిగ్మా 6, జీటా 7, ఈటా 8, థీటా 9. ఐయోటా 10, కప్పా 20, లాంబ్డా 30, మ్యూ 40, న్యూ 50, క్సై 60, ఓమిక్రాన్ 70, పై 80. రో 100, సిగ్మా 200. అక్షరం ముందున్నా వెనకున్నా విలువ మారదు. కూడితే చాలు.

ఆ ఏడు ఏ శకానిదో తెలియాలి. మూడు లెక్కలు నేర్చుకుంటే చాలావరకు సరిపోతుంది.

సెల్యూసిడ్ శకం. సిరియా రాజుల నాణేలకు. 313 నుంచి నాణెం మీది ఏడును తీసివేయండి. గామా, ఓమిక్రాన్, రో ఉంటే 3+70+100, అంటే 173. 313 నుంచి తీస్తే 140. వారి ఏడాది శరత్కాలంలో మొదలవుతుంది కాబట్టి క్రీ.పూ. 140/139 అని రెండు ఏళ్ళూ రాయాలి.

తూరు శకం. 127 నుంచి తీసివేయండి. కప్పా ఒక్కటే ఉంటే 20, అంటే క్రీ.పూ. 107/106. నాణెం మీది ఏడు 126 దాటితే తలకిందులు చేసి 126ను తీసేయండి. రో, క్సై ఉంటే 160. 126 పోగా 34, అంటే క్రీ.శ. 34/35.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. క్రీ.పూ. 18 తర్వాతి షెకెళ్ళ మీద గద్దకు కుడివైపున కప్పా, రో అక్షరాలు ఉంటాయి. కూడితే 120 వస్తుంది, సంవత్సరం దొరికిందని సంబరపడతాం. అది సంవత్సరం కాదు. సంవత్సరం ఎడమవైపున, గద పైన ఉంటుంది.

రాజు ఏలుబడి ఏళ్ళు. ‘ఎల్’ ఆకారపు గుర్తు ఉంటే దాని తర్వాతి అక్షరాలు ఏలుబడి సంవత్సరం. పిలాతు కాలపు నాణేల మీద ఐయోటాతో స్టిగ్మా, జీటా, ఈటా ఉంటాయి. అంటే తిబెరి కైసరు 16, 17, 18వ ఏళ్ళు. లూకా సువార్త మూడో అధ్యాయం తిబెరి ఏలుబడి పదిహేనో ఏటితో మొదలవుతుంది. ఈ నాణేలు ఆ మరుసటి ఏటి నుంచి లెక్క. 16వ ఏడు క్రీ.శ. 29/30.

అలెగ్జాండ్రియాలో మరో మెలిక ఉంది. అక్కడ కొత్త ఏడు ఆగస్టు 29న మొదలవుతుంది. హేడ్రియన్ 117 ఆగస్టు 11న చక్రవర్తి అయ్యాడు. ఆయన మొదటి ఏడు మూడు వారాలు కూడా నిలవలేదు, ఆగస్టు 29 నుంచే రెండో ఏడు. అందుకే ఆయన 15వ ఏడు అంటే 130/131 అవుతుంది. చక్రవర్తి పట్టాభిషేకపు ఏటికి నేరుగా ఏళ్ళు కూడితే అలెగ్జాండ్రియా నాణేల్లో ఒక ఏడు తప్పు వస్తుంది.

7. అసలు, నకిలీ

ముందు ఒక ఊరట. లంగరు-నక్షత్రం కాసులు అసలువే లెక్కలేనన్ని దొరికాయి, ధర తక్కువ. వాటికి నకిలీ చేయడంలో పెద్ద లాభం లేదు. నకిలీలు ఎక్కువగా ఉన్నది వెండిలో: తూరు షెకెలు, గుడ్లగూబ, అలెగ్జాండర్.

అసలు నాణెం దాదాపు ఎప్పుడూ అచ్చు కొట్టినదే. వేడి బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. చౌక నకిలీ పోత పోసినది. తేడా భూతద్దంలో తెలుస్తుంది.

☐ అక్షరం అడుగున, బొమ్మకు ఖాళీ చోటుకు మధ్య అంచు పదునుగా దిగిందా? పోతలో సబ్బు కరిగినట్టు గుండ్రంగా ఉంటుంది
☐ ఖాళీ చోట చిన్న చిన్న గుండ్రటి బుడగ గుంటలున్నాయా? ఉంటే పోత
☐ అంచు చుట్టూ మధ్యలో సన్నటి గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులున్నాయా?
☐ అచ్చు దెబ్బకు లోహం బయటికి పారిన సన్నటి కిరణాల్లాంటి గీతలు కనిపిస్తున్నాయా? ఇవి మంచి లక్షణం
☐ కిలుము గోటితో రాలుతోందా, రంగు వేసినట్టు అంతటా ఒకేలా ఉందా? అనుమానించండి

ఇక్కడే చాలామంది అసలు నాణేన్ని నకిలీ అని పారేస్తారు. యూదయ ప్రుతాల బిళ్ళలను సున్నపురాయి మూసల్లో గొలుసుగా పోత పోసి, తర్వాత అచ్చు కొట్టి, విడదీసేవారు. అందుకే అసలైన ప్రుతాకు అంచున తోక లాంటి ముక్క, ఏటవాలు అంచు ఉంటాయి. బిళ్ళ పోతదైనా బొమ్మ మాత్రం కొట్టినదే. బొమ్మ అంచు చూడండి, బిళ్ళ అంచు చూసి తీర్పు చెప్పకండి.

అలాగే వెండి పొర కింద రాగి కనిపిస్తే వెంటనే ‘నేటి నకిలీ’ అనకండి. రాగి మీద వెండి తొడిగి మోసగించడం ఆ కాలంలోనూ ఉంది. అది ప్రాచీన మోసం. చరిత్రకు అది కూడా ఆధారమే.

పెద్ద వెండి నాణేనికి సాంద్రత పరీక్ష చేయవచ్చు. తూకం మీద స్వేదనజలం ఉన్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. సన్నటి దారంతో నాణేన్ని నీటిలో మునిగేలా వేలాడదీయండి, అడుగు తాకకూడదు. తూకం చూపే అంకెతో నాణెం బరువును భాగించండి. 17.10 గ్రాముల నాణేనికి తూకం 1.64 చూపితే 10.43 వస్తుంది. మేలిమి వెండి సాంద్రత 10.49, కాబట్టి సరిపోయింది. 2.30 చూపితే 7.43 వస్తుంది, అది తగరం లాంటి లోహం. కంచుకు ఈ పరీక్ష చేయవద్దు, తడి దానికి శత్రువు. రెండు గ్రాముల లోపు నాణేనికీ వద్దు, తప్పు ఎక్కువ వస్తుంది.

చివరి పరీక్ష పోలిక. ఒకే దుకాణంలో రెండు నాణేలు ఒకేచోట పగిలి, ఒకేచోట అరిగి, ఒకే వైపు జరిగి ఉంటే రెండూ ఒకే మూసలోవి. చేతితో కొట్టిన రెండు నాణేలు అలా ఎప్పటికీ ఉండవు.

8. జాబితాలతో పోల్చడం

ఇంతవరకు వచ్చాక కంప్యూటర్ తెరవండి, అంతకుముందు వద్దు. అలెగ్జాండర్ పేరిట వచ్చినవాటికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీవారి ‘పెల్లా’, సిరియా రాజులకు ‘సెల్యూసిడ్ కాయిన్స్ ఆన్‌లైన్’, ఈజిప్టుకు ‘టోలెమాయిక్ కాయిన్స్ ఆన్‌లైన్’, రోమన్ పాలనలోని తూర్పు ఊళ్ళకు ‘రోమన్ ప్రావిన్షియల్ కాయినేజ్’ ఉన్నాయి. అన్నీ ఉచితం.

కనీసం మూడు నమూనాలతో పోల్చండి. తూకం, దిశ, బొమ్మ, అక్షరాలు నాలుగూ కలిస్తేనే జాబితాలోని ఆ రకం సంఖ్య రాయండి. బొమ్మ ఒక్కటే కలిసి తూకం కలవకపోతే మూడో మెట్టుకు తిరిగి వెళ్ళండి.

9. ఇంకా కొనలేదా? అయితే ముందు ఇది

యాత్రా మార్గంలో మూడు దేశాలకు మూడు రకాల చట్టాలు. దీన్ని తేలిగ్గా తీసుకుంటే విమానాశ్రయంలో ఇబ్బంది పడతారు.

ఇజ్రాయెల్‌లో 1978 చట్టం ప్రకారం 1700కు ముందు మనిషి చేసిన వస్తువు పురావస్తువు. అనుమతి పత్రం ఉన్న వ్యాపారులు అమ్మవచ్చు. దేశం దాటించడానికి అక్కడి పురావస్తు అధికార సంస్థ అనుమతి కావాలి. దుకాణంలో అడగాల్సినవి మూడు: వ్యాపారి అనుమతి పత్రం, నాణెం వివరాలు రాసిన రసీదు, ఎగుమతి అనుమతి.

ఈజిప్టులో 1983 నాటి 117వ నంబరు చట్టం పురావస్తువుల వ్యాపారాన్నే నిషేధించింది. జోర్డాన్‌లోనూ ఆ వ్యాపారం నిషిద్ధం. పిరమిడ్ల దగ్గర, పెట్రా దారిలో చేతిలో పెట్టి చూపే ‘పాత నాణెం’ నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైతే నేరమవుతుంది. తుర్కియేలోనూ అంతే, నేల మీద దొరికినది జేబులో వేసుకున్నా నేరమే.

సిరియా నుంచి 2011 మార్చి 15 తర్వాత అక్రమంగా తరలిన వస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2015లో నిషేధించింది. పాత రసీదు చూపలేని సిరియా నాణేన్ని ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి. కొనేవాడు ఉన్నంతకాలం అక్కడ తవ్వేవాడు ఉంటాడు. తవ్విన గుంటలో నాణెంతో పాటు ఉన్న కుండ, బూడిద, గోడ చెప్పాల్సిన కథ శాశ్వతంగా పోతుంది.

మన దేశంలో వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని సొంతంగా విదేశాలకు పంపడం నిషిద్ధం. అమెరికాలో ఉన్న అబ్బాయికి కొరియరులో పంపుదామనుకునేవారు ఇది గమనించాలి. ఇక మన పొలంలోనే రోమన్ నాణెం దొరికితే, నల్గొండ వైపు అలాంటి నిధులు దొరికాయి కూడా, 1878 నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

10. దాచడం, కంచు జబ్బు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉన్నవారు దీన్ని శ్రద్ధగా చదవండి.

కంచు లోపల మిగిలిన క్లోరైడు ఉప్పుకు గాలిలో తేమ తగిలితే లేత ఆకుపచ్చ పొడి పుడుతుంది. ముదురు, గట్టి, నున్నటి పచ్చదనం ఆరోగ్యం. లేత, పొడిపొడిగా రాలే పచ్చదనం జబ్బు. వదిలేస్తే నాణెం నెలల్లో గుల్లవుతుంది.

జబ్బు కనిపిస్తే ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. పొడిని చెక్క పుల్లతో నెమ్మదిగా తీయండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. వారం తర్వాత మళ్ళీ పొడి వస్తే వస్తు సంరక్షణ నిపుణులకు చూపించండి. అంతర్జాలంలో చెప్పే రసాయనాలు ఇంట్లో ప్రయత్నించవద్దు, కొన్ని విషపూరితం.

☐ డబ్బాలో తేమ 40 శాతం లోపు. చిన్న తేమ కొలమానం లోపల పెట్టండి
☐ సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టండి, లేదా కొత్తది వేయండి
☐ మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, అవి జిగట పచ్చదనం పుట్టిస్తాయి. మైలార్ (పాలియెస్టర్) కవర్లు వాడండి
☐ వెండి దగ్గర రబ్బరు బ్యాండ్లు, బీరువాలో కలరా ఉండలు వద్దు
☐ ఏడాదికి రెండుసార్లు, వానాకాలం ముందు, తర్వాత, భూతద్దంతో చూడండి

11. నమోదు పత్రం

ప్రతి నాణేనికి ఒక కాగితం. రసీదు నకలు, రెండు వైపుల ఫోటోలు దానికే జతచేయండి. తెలియనిచోట ‘తెలియదు’ అని రాయండి, ఖాళీ వదలవద్దు. ఖాళీని తర్వాత ఎవరో ఊహతో నింపుతారు. నమూనా ఇలా ఉంటుంది:

• బొమ్మ: కుచ్చుల ఛత్రం, చుట్టూ గ్రీకు అక్షరాలు, సగం అరిగాయి (చదివినవి: బాసిలే...)
• బొరుసు: రెండు ఆకుల మధ్య మూడు యవల కంకులు, అటూ ఇటూ ‘ఎల్’ గుర్తు, స్టిగ్మా
• లోహం: కంచు. తూకం: 2.31 గ్రా. వ్యాసం: 17 × 16 మి.మీ. దిశ: 12
• ఎవరిది: మొదటి హేరోదు అగ్రిప్ప, 6వ ఏడు, క్రీ.శ. 41/42. టంకశాల: జెరూసలెం
• స్థితి: ముదురు ఆకుపచ్చ, జబ్బు లేదు. ఎవరూ కడగలేదు
• ఎక్కడ కొన్నది: జెరూసలెం, అనుమతి ఉన్న దుకాణం, రసీదు, ఎగుమతి అనుమతి జతచేశాం
• అంతకుముందు ఎవరి దగ్గర ఉంది: తెలియదు
• దొరికిన చోటు: తెలియదు